పాత మున్సిఫ్ కోర్టు పైకప్పు గురించి ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ గారికి,

మా పట్టణంలోని పాత మున్సిఫ్ కోర్టు భవనంపై ఇచ్చిన అర్జీలకు జవాబు రానందున, నలుగురి ఎదుటా ఈ లేఖ రాస్తున్నాం.

1873 మద్రాసు సివిల్ కోర్టుల చట్టం కింద నడిచిన మున్సిఫ్ కోర్టుల (కింది స్థాయి సివిల్ కోర్టుల) నాటి కట్టడం ఇది. పైకప్పు మద్రాసు టెర్రస్: టేకు దూలాల మీద గానుగ సున్నంతో ఐమూలగా పేర్చిన సన్న ఇటుకలు, వాటిపై ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, ఆపైన చదునైన పెంకులు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచిన పని అది.

దాని మీద సిమెంటు పూత వేయించారు. చెడింది అక్కడే. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. లోపల చిక్కిన నీరు గోడలో దూరిన దూలం కొనలను కుళ్లబెడుతుంది. కింద నుంచి చూస్తే దూలం నిక్షేపంగా ఉంటుంది. చువ్వ గుచ్చితే కొన పిండిలా రాలుతుంది. రికార్డు గదిలో దస్త్రాలు తడిసి అట్టకట్టాయి. భూమి దావాలో సర్టిఫైడ్ నకలు కోసం వచ్చిన రైతు కాగితం దొరక్క మరో వాయిదాకు తిరుగుతున్నాడు.

మళ్లీ సిమెంటుతోనే అతుకులు వేసే ఆలోచన దయచేసి మానండి. ఆ పొరను యంత్రాలతో కాక సుత్తి, ఉలితో ఒలిపించండి. ముందు పైకప్పు మీది వాననీళ్లు పోయే తూములు బాగుచేయించండి; అవి పూడితే మిగతా పనంతా దండగే. కుళ్లిన కొనలు కోసి పాత టేకే అతికించి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక, సుర్కీ (ఇటుక పొడి) కలిపిన గారతో మూయించి, రెండు వారాలైనా తడి గోనెలు కప్పించండి. వైరింగూ మార్చాలి. 2009లో హైదరాబాద్ హైకోర్టు భవనంలో జరిగిన అగ్నిప్రమాదం మీకు తెలియనిది కాదు.

వానలకు ముందే దస్త్రాలు తరలించి, సున్నపు పని తెలిసిన మేస్త్రీల సలహాతో కొత్త అంచనా వేయించి, దాని ప్రతిని కోర్టు నోటీసు బోర్డులో పెట్టించాలని కోరుతున్నాం.

ఇట్లు,
భవన పరిరక్షణ కోరే పట్టణవాసులు