టేపు రెండుసార్లు వేసిన పెట్టె

మా షాపులో కారు సామాను కొనేవాళ్లందరికీ,

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఇకపై షాకప్స్ (షాక్ అబ్జార్బర్లు), లోయర్ ఆర్ములు, లింక్ రాడ్లు, స్ప్రింగులు, అంటే గుంతల కుదుపు మీదాకా రానివ్వని సస్పెన్షన్ సామాను ఏదైనా సరే, పెట్టె తెరిచి మీ చేతికి ఇస్తాను. మీరు చూసుకున్నాకే బిల్లు రాస్తాను. బస్సుకి టైమైపోతోంది, పెట్టె అలాగే ఇచ్చెయ్ అన్నా ఇవ్వను. ఐదు నిమిషాల పని, కోపం తెచ్చుకోకండి.

ఎందుకో కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే తప్పు నాది.

గజపతినగరం వైపు నుంచి ఒక మాస్టారు వస్తుంటారు. రిటైరయ్యాక తన పాత కారు పనులన్నీ ఇంటి దగ్గర తనే చేసుకుంటారు. వెనక షాకప్స్ జత కావాలన్నారు. ఆ కారుకి వెనకాల షాకప్ వేరు, స్ప్రింగు వేరు, కాబట్టి ఓపిక ఉన్నవాళ్లు మార్చుకోవచ్చు. జత తీసి ఇచ్చాను. అందులో ఒక పెట్టెకి ఒక చివర టేపు మీద ఇంకో టేపు ఉంది. అది నా కంట్లో పడింది. షాపు నిండా జనం, ఫోను మోగుతోంది, పోనీలే అనుకుని ఇచ్చేశాను.

ఇరవై రోజులకు మాస్టారు ఆ షాకప్ విప్పి సంచిలో పెట్టుకుని వచ్చారు. షాకప్ ఒళ్లంతా ఆయిల్, దాని మీద మట్టి. నేను చూడకుండానే అనేశాను: "కటింగ్ ప్లేరుతో రాడ్ పట్టుకున్నారేటి మాస్టారూ?" రాడ్ అంటే షాకప్‌లోంచి పైకొచ్చే కడ్డీ, నట్టు బిగించేటప్పుడు అది తిరిగిపోకుండా కొందరు ప్లేరుతో పట్టేస్తారు.

ఆయన ఏమీ అనలేదు. కౌంటరు మీద ఉన్న పాత గుడ్డ తీసుకుని రాడ్ శుభ్రంగా తుడిచారు. నా చెయ్యి పట్టుకుని బొటనవేలి గోరు దాని మీద ఆనించారు. "ఇలా చుట్టూ తిప్పు." తిప్పాను. ఒకచోట గోరు టక్కున ఆగింది. ఎండలోకి తీసుకెళ్లి చూస్తే సన్నటి నిలువు గీత, వేలెడంత పొడవు. "ప్లేరు పళ్లు నిలువుగా గీస్తాయేటి బాబూ? అడ్డంగా పంటిగాట్లు వరసగా పడాలి కదా."

నాకు మాట రాలేదు. పాతికేళ్లుగా ఈ సామాను అమ్ముతున్నాను, ఆ తేడా నేను ఆయనకు చెప్పాలి.

జరిగింది ఇదై ఉంటుంది. గ్యాస్ షాకప్‌ని లోపలికి నొక్కి, పట్టీ కట్టి పెట్టెలో పెడతారు. పార్శిల్‌లో ఎక్కడో విసిరేస్తే పట్టీ తెగుతుంది. రాడ్ దానంతటదే పైకి లేస్తుంది, పెట్టె చివర చింపుకుని బయటికొస్తుంది, పక్కనున్న ఇనప సామానుకి రాసుకుంటుంది. తర్వాత ఎవరో లోపలికి నెట్టి మళ్లీ టేపు వేశారు. ఎక్కడ వేశారో నాకు తెలీదు, ఎవరినీ అనను. నా బల్ల మీదకొచ్చాక మాత్రం నేనే చూడాలి. ఆ రాత్రి ర్యాకులో ఉన్న షాకప్స్ అన్నీ తెరిచి చూశాను. ఇంకొకటి దొరికింది, దానికి పైన మర నలిగిపోయి ఉంది.

రాడ్ మీద అంత చిన్న గీత ఏం చేస్తుంది అని చాలామంది అడుగుతున్నారు. ఆ రాడ్‌కి మెరిసే క్రోమ్ పూత ఊరికే వెయ్యరు. కారు గుంతలో పడిన ప్రతిసారీ ఆ రాడ్ లోపలి ఆయిల్‌ని బయటికి రానివ్వని సీలుని ఒరుసుకుంటూ పైకీ కిందకీ ఆడుతుంది. గీత అంచు బ్లేడులా సీలుని కోస్తుంది. మొదటి వారం ఏమీ తెలీదు. తర్వాత తడి, ఆ తర్వాత కారడం. అందుకే దుమ్ము పడకుండా ఉండే ప్లాస్టిక్ గొట్టం ఉంటే పైకి లాగి మరీ రాడ్ మొత్తం చూడండి. కంటికి ఆనకపోతే గోరు, గోరుకి అనుమానమొస్తే చిన్న దూది ముక్క. ఎక్కడ గరుకుంటే అక్కడ దూది పీచు చిక్కుకుంటుంది.

కొత్త షాకప్ మెడ దగ్గర కాస్త జిడ్డు ఉంటే కంగారుపడకండి. తుడిచి, నిలబెట్టి, నాలుగైదుసార్లు నెమ్మదిగా నొక్కి వదలండి. మళ్లీ తడి కనిపిస్తేనే నాకివ్వండి. గ్యాస్‌దైతే నొక్కి వదిలాక దానంతటదే లేవాలి, జతలో రెండూ ఇంచుమించు ఒకే వేగంతో లేవాలి. ఉత్త ఆయిల్‌ది లేవదు, దాని తీరే అంత. లేవలేదని మొన్న ఒకాయన నాతో గంటసేపు గొడవపడ్డారు.

ఈ నొక్కి వదలడం ఇంకో అవసరానికి కూడా. షాకప్స్ మా దగ్గరా, గోడౌన్లోనూ పడుకోబెట్టే ఉంటాయి. అలా ఉన్నప్పుడు లోపల గాలి ఉండకూడని చోటికి చేరుతుంది. అలాగే బిగిస్తే కొత్త షాకప్ మొదటి రోజే డొక్కు చప్పుడు చేస్తుంది. రాడ్ పైకి ఉండేలా నిలబెట్టి, చేతికి ఖాళీగా జారినట్టు అనిపించడం పోయేదాకా నిదానంగా ఆడించండి. బిగించేదాకా మళ్లీ పడుకోబెట్టకండి. డ్యామేజీ అని వెనక్కి తెచ్చినవాటిలో కొన్ని నేను ఇలా నాలుగుసార్లు ఆడించగానే బాగైపోయాయి.

చక్రాన్ని కిందనుంచి పట్టుకునే లోయర్ ఆర్ముకి చివర బాల్ జాయింట్, అంటే గుండు కీలు, ఉంటుంది. దాని మీది రబ్బరు టోపీని బొటనవేలితో నొక్కి చుట్టూ తిప్పి చూడండి. వెంట్రుకంత కోత ఉన్నా వద్దు. వానకాలం ఒక్కటి చాలు, నీళ్లు లోపలికి పోయి గ్రీజుని మట్టి చేస్తాయి. జాయింట్ చేతికి బిగుతుగా తిరగాలి, లొడలొడలాడకూడదు. నట్టు మొదట్లో స్పానర్ లేకుండా చేత్తోనే మర పట్టాలి. పాతది పక్కన పెట్టి కొలతా, ఎడమా కుడీ సరిచూసుకోవడం మర్చిపోకండి. రెండూ ఎడమవే పట్టుకుపోయినవాళ్లున్నారు, ఇచ్చినవాణ్ణి నేనే.

స్ప్రింగులకు పెయింటు పెచ్చు లేచిందా అన్నదే చూడాలి. భోగాపురం, పూసపాటిరేగ వాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆ ఉప్పుగాలికి పెచ్చు లేచినచోట తుప్పు మొదలవుతుంది, చివరికి అక్కడే విరుగుతుంది. ముందు చక్రాలవి మాత్రం, స్ట్రట్టూ (స్ప్రింగు మధ్యలో ఉండే షాకప్) స్ప్రింగూ కలిసి ఉన్నవి, స్ప్రింగుని నొక్కిపట్టే సరైన కంప్రెసర్ లేకుండా ఇంట్లో విప్పొద్దు. నొక్కి ఉన్న స్ప్రింగు జారిందంటే దవడ పగులుతుంది. విడి స్ట్రట్ కొన్నా, విప్పి బిగించే పని షెడ్డుకి ఇవ్వండి. నాకు బేరం పోయినా సరే.

ఇక మీ వైపు మాట. పై నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరిగిపోతుంటే ప్లేరుతో పట్టుకోకండి. కొన రెండువైపులా చదునుగా ఉంటే అక్కడ చిన్న స్పానర్‌తో, గుంట ఉంటే ఎలెన్ కీతో పట్టుకోవాలి. రబ్బరు బుష్ ఉన్న బోల్టులు ముందు వదులుగా ఉంచి, జాకీ దించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది.

స్పానర్ గుర్తు పడిన సామానుని పైనున్న డీలరు నా దగ్గర వెనక్కి తీసుకోడు. అందుకే ఇన్నాళ్లూ నేను కూడా మీ మీదకి నెట్టేసేవాణ్ణి. ఇప్పటినుంచి, కౌంటరు దగ్గర చూసి తీసుకెళ్లింది తర్వాత కారితే, రాడ్ మీద ప్లేరు గాట్లు లేకపోతే, డీలరు ఏమన్నా అననీ, మీకు ముందు వేరేది ఇస్తాను. ఎన్నాళ్లు తట్టుకోగలనో చూడాలి. మా దగ్గర కొని ఇంకా బిగించనివి మీ ఇంట్లో ఉంటే ఇవాళే తెరిచి చూడండి. దెబ్బ ఉంటే బిల్లు లేకపోయినా మారుస్తాను. పైడితల్లి అమ్మవారి పండగకి తొలేళ్లు, సిరిమాను రెండు రోజులూ షాపు ఉండదు, ఆ రెండూ తప్పించి ఎప్పుడైనా రండి.

మాస్టారికి కొత్త జత ఇచ్చాను. ఆయన చేతిపని రెండుసార్లు అయింది కాబట్టి కూలీ కింద ఆరు వందలు కవర్లో పెట్టాను. ఆయన తీసుకోకుండా, "ఆ గీత పడ్డ షాకప్ కౌంటరు మీద ఉంచు" అని వెళ్లిపోయారు. ఉంచాను. కవరూ దాని పక్కనే గల్లాపెట్టెలో ఉంది.