బలుసు పొదకు ఊరి వనంలో చోటివ్వండి

సంపాదకులకు,

హరితహారం మొదలైన 2015 నుంచి ఉమ్మడి వరంగల్ జిల్లాలో రోడ్ల వెంట, చెరువు కట్టల మీద, తర్వాత పల్లె ప్రకృతి వనాల్లో విరివిగా మొక్కలు నాటారు. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందని కోనోకార్పస్‌ అనే పరాయి మొక్కకు పెద్దపీట వేయడమూ, దాని పుప్పొడిపై ఆందోళనలు రేగాక ఇక నాటవద్దని 2022లో ప్రభుత్వమే ఆదేశించడమూ తెలిసిందే. దాన్ని తీసేసిన చోట మళ్లీ పరాయి అలంకరణ మొక్కలు పెట్టకుండా, మన గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే పెరిగే బలుసును నాటాలని నా విన్నపం.

బతికుంటే బలుసాకు తినొచ్చని అలవోకగా అనే మనలో, ఆ పొదను చూసి పోల్చుకోగలవారు తగ్గిపోతున్నారు. కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు ఆకులు, వాటికి కాస్త పైన అలాగే ఎదురెదురుగా రెండు గట్టి ముళ్లు ఉంటాయి. పండితే పసుపుపచ్చగా మారే చిన్న కాయలో కొద్దిపాటి తియ్యటి గుజ్జు, రెండు గింజలు ఉంటాయి. లేత ఆకును పప్పులో వండుకుంటారు. పండ్ల కోసం పికిలిపిట్టలు వస్తాయి, ముళ్ల మధ్య గూడుకు రక్షణ కూడా దొరుకుతుంది.

ఎండాకాలంలో ఆకు రాల్చడమే దీనికి శాపమైంది. నీటిని కాపాడుకోవడానికి మొక్క చేసే ఆ పనిని చావుగా పొరబడి, ఎండిపోయిందంటూ పీకేసేవారున్నారు. కొమ్మ మీద గోటితో గీరితే బెరడు కింద పచ్చదనం కనిపిస్తుంది; అలాంటి మొక్కను వానల దాకా ఉంచితే మళ్లీ చిగురిస్తుంది.

పెంచడానికి పెద్ద ఖర్చూ లేదు. బాగా పండిన పండ్ల గుజ్జు కడిగేసి, గింజలను ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపిన సంచుల్లో వేయాలి. నిలదొక్కుకున్న మొక్కలను తొలకరి తర్వాత నాటి, మొదటి వేసవుల్లో మాత్రం నీళ్లు పోయాలి. ముళ్లున్నందున పిల్లలు ఆడుకునే చోట, నడకదారి పక్కన వద్దు. వనం హద్దు వెంట దగ్గరదగ్గరగా పెడితే ముళ్లకంచె అవసరం చాలావరకు తీరుతుంది.

గ్రామ పంచాయతీ నర్సరీల్లో వచ్చే ఏడాది పెంచే మొక్కల జాబితాలో బలుసుతోపాటు అడవి పండ్ల మొక్కలైన కలివిని, జానను కూడా చేర్చాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. ఏ గుట్టమీద ఏ పండు ఎప్పుడు పండుతుందో గొర్లకాపరులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు కనుక, గింజల సేకరణ వారికే అప్పగించి తగిన కూలి ఇవ్వాలి.

— ఒక పాఠకుడు, హనుమకొండ