2025 వార్షిక నివేదిక: పౌరసత్వ పరీక్ష తరగతులు

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, పిక్నిక్ ఎప్పటిలాగే సందడిగా జరిగాయి. వాటి జమాఖర్చులు మీకు ఇప్పటికే అందాయి. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం డాలస్‌లో మన పెద్దవాళ్ల కోసం నడుపుతున్న పౌరసత్వ పరీక్ష తరగతులకే కేటాయిస్తున్నాం. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదేనని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

అక్టోబరు 20 నుంచి ఎన్-400 (అమెరికా పౌరసత్వ) దరఖాస్తు పెట్టినవాళ్లకు పరీక్ష మారింది. ఇదివరకు చదవాల్సినవి 100 ప్రశ్నలు; అధికారి పది అడిగితే ఆరింటికి జవాబు చెబితే సరిపోయేది. ఇప్పుడు 128 చదవాలి, 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 65 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు ఉన్నవాళ్లు మాత్రం 20 ప్రశ్నలే చదివితే చాలు. దుబాసీ సాయంతో తెలుగులోనే చెప్పొచ్చు. మన తరగతికి వచ్చేవాళ్లలో చాలామంది పిల్లల దగ్గరికి ఈమధ్యే వచ్చిన అమ్మానాన్నలు కనుక ఆ వెసులుబాటు వాళ్లకు దొరకదు.

ఇన్ని ప్రశ్నలు బట్టీ పట్టడం ఆ వయసులో కష్టం. కాబట్టి ప్రతి జవాబు వెనక ఉన్న కారణాన్ని తెలుగులో చెప్పుకోవడం మొదలుపెట్టాం. సెనేటర్ల (ఇక్కడి ఎగువ సభ సభ్యుల) పదవీకాలం ఆరేళ్లని రాజ్యసభ తెలిసినవాళ్లు ఇట్టే పట్టేశారు. పేచీ వచ్చింది సంఖ్య దగ్గరే. రాజ్యసభ సీట్లు జనాభాను బట్టి ఉంటాయి. ఇక్కడ ఇంత పెద్ద టెక్సాస్‌కూ ఇద్దరే, ఆరు లక్షల జనం కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరే. గుంటూరు వైపు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మాస్టారు ఒకరు “ఇదెక్కడి న్యాయమండీ?” అని నిలదీశారు. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసేటప్పుడు చిన్న రాష్ట్రాలు పట్టుబట్టిన వైనం, ఒక సభలో జనాభా లెక్క, రెండో సభలో అందరూ సమానం అని కుదిరిన రాజీ, ఇవన్నీ చెప్పుకునేసరికి ఆ పూట క్లాసు అయిపోయింది. ఆ తర్వాత దిగువ సభలో 435 మంది, సెనేట్‌లో 100 మంది అనే అంకెల దగ్గర ఎవరూ తడబడలేదు.

ప్రశ్నల జాబితాలో లేని చరిత్ర కూడా కొంత చెప్పాం, చెప్పి తీరాలనిపించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం ఆ తలుపు తెరిచినా, వలసకు ఏడాదికి వందమందినే అనుమతించింది. మన కుటుంబాలు ఇంతమంది ఇక్కడికి రాగలిగింది 1965 వలస చట్టం తర్వాతే. “అయితే మనకు ఈ పరీక్షకు కూర్చునే హక్కే ఉండేది కాదన్నమాట” అన్నారు ఒక పిన్నిగారు. ఆవిడ ఆ తర్వాత ఒక్క క్లాసూ మానలేదు.

ఇంగ్లీషు రాత విషయంలో ఇంకా సాధన కావాలి. ఫిబ్రవరి స్పెల్లింగులో బీ పక్కనున్న ఆర్ చాలామందికి జారిపోతోంది. తప్పినా కంగారుపడొద్దని మళ్లీ చెబుతున్నాం: 60 నుంచి 90 రోజుల్లోపు ఇంకో అవకాశం ఇస్తారు, తప్పిన భాగం ఒక్కటే మళ్లీ రాయాలి. హైస్కూలు పిల్లలు అధికారుల్లా కూర్చుని ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయడం పెద్దవాళ్ల భయాన్ని బాగా తగ్గించింది. ఆ పిల్లలకు ప్రత్యేక ధన్యవాదాలు.

వచ్చే ఏడాది సాయంత్రం బ్యాచ్ కూడా పెట్టాలనుకుంటున్నాం. కారు నడపలేని పెద్దవాళ్లను లైబ్రరీకి తీసుకొచ్చి దింపేవాళ్లు, ఎన్-400 ఫారంలోని ప్రశ్నలు ఓపికగా వివరించగలవాళ్లు కావాలి. వీలున్న సభ్యులు కార్యదర్శికి పేరివ్వండి.