పాత సర్వర్‌తో కొత్త చదువులా?

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు రికార్డులు ప్రింట్ తీయించుకోవడానికి వస్తుంటారు. మొన్న మా అమ్మాయి కూడా కాలేజీలో ఇచ్చిన పెన్‌డ్రైవ్ తెచ్చింది. వెబ్‌సైట్ తయారు చేయాలట. చూస్తే అందులో ఉన్నది వెబ్ పేజీలను అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ 2.2, వెబ్‌సైట్ కోడ్ రాసే భాష పీహెచ్‌పీ 5.3. ఆ అపాచీకి భద్రతా సవరణలు 2017తోనే ఆగిపోయాయి. పీహెచ్‌పీ 5.3కి 2014లోనే.

ల్యాబ్‌లో అంతా బాగానే నడిచింది. తీరా బయట, కొత్త పీహెచ్‌పీ ఉన్న హోస్టింగ్ సర్వర్‌లో పెడితే తెల్ల పేజీ! రికార్డులో రాయించిన, డేటాబేస్‌కు కలిపే 'మైఎస్‌క్యూఎల్ కనెక్ట్' అనే ఫంక్షన్‌ను 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7 లోనే తీసేశారు. వైవాకి రెండు రోజులుంది, పిల్ల ఒకటే టెన్షన్. ఇద్దరం కూర్చుని కోడంతా పీడీఓలోకి, అంటే డేటాబేస్‌కు కలిపే ఇప్పటి పద్ధతిలోకి, మార్చేసరికి తెల్లారింది.

కొత్త వెర్షన్ కొనే పని కూడా లేదు, ఉచితమే. అడిగితే ల్యాబ్ సారు, "సిలబస్‌లో అదే ఉంది, ఎగ్జామినర్ అదే అడుగుతారు" అన్నారట. ఆయన్నీ తప్పు పట్టలేను. సిలబస్ తయారు చేసేవారు వచ్చే జూన్‌లోపైనా ఆ ల్యాబ్ మాన్యువల్ ఒకసారి తెరిచి చూడాలి.

– ఒక తండ్రి, తెనాలి