విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ: లెక్కలు చదివినవాళ్లు చిన్న తరగతులకూ కావాలి

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. సైన్స్, లెక్కలు చదివినవాళ్లు ప్రాథమిక బడుల్లో టీచర్లయ్యేందుకు స్కాలర్‌షిప్ ఇవ్వాలని కోరుతున్నాను.

1/3 కంటే 1/4 పెద్దదంటుంది చిన్నపిల్ల. మూడు కంటే నాలుగు పెద్దది కదా! తప్పని కొట్టేయడం తేలికే. కాగితం మడతపెట్టించి, ముక్కలు పెరిగేకొద్దీ ఒక్కో ముక్క చిన్నదవుతుందని పిల్ల చేతే చెప్పించాలంటే లెక్క లోతు తెలిసినవాళ్లు కావాలి. వాళ్లలో చాలామంది డిగ్రీ అవగానే వేరే ఉద్యోగాలకు పోతున్నారు. తప్పుపట్టలేం. శిక్షణ కాలంలో జీతం ఉండదు, ఖర్చులు మాత్రం ఆగవు.

అమెరికాలో సైన్స్, లెక్కల టీచర్లు కాబోయేవాళ్లకిచ్చే నోయ్స్ స్కాలర్‌షిప్‌లో సాయం అందుకున్న ఒక్కో ఏడాదికి రెండేళ్లు, టీచర్ల అవసరం ఎక్కువున్న చోట పాఠాలు చెప్పాలి. అలాంటి షరతు మీరూ పెట్టండి, అభ్యంతరం లేదు. డబ్బు మాత్రం నెలనెలా చేతికందాలి. బడిలో బోధన నేర్చుకునే నెలల్లో పార్ట్‌టైమ్ పని కుదరదు మరి.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు