ఫ్లెక్స్ అక్షరం చూసి షాఫ్ట్ అమ్మడం ఆపేశాం

గోల్ఫ్ ఆటగాళ్ళ నుంచి వాట్సాప్‌లో మాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఒకటే: "ఎస్ ఫ్లెక్స్ డ్రైవర్ షాఫ్ట్ ఉందా, ఎంత?" డ్రైవర్ అంటే దూరం కొట్టే పొడుగాటి క్లబ్, షాఫ్ట్ అంటే దాని కర్ర, ఫ్లెక్స్ అంటే ఆ కర్ర ఎంత వంగుతుందో చెప్పే అక్షరం. ఈ నెల నుంచి దీనికి ధర చెప్పడం మానేశాం. మీ స్వింగ్ కొలవకుండా షాఫ్ట్ ఇవ్వం. కొన్ని అమ్మకాలు పోతాయి, తెలిసే చేస్తున్నాం. ఒకసారి కోసిన షాఫ్ట్‌ను కంపెనీ వెనక్కి తీసుకోదు, మేమూ తీసుకోలేం. 30 వేలు దాటే సరుకు మీ ఇంట్లో మూలన పడి ఉంటే మీకూ మాకూ మంచిది కాదు.

ముందు ఆ అక్షరం సంగతి. ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్, అంటే గట్టిది), ఎక్స్ (ఎక్స్‌ట్రా స్టిఫ్)లకు కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలమానం అంటూ లేదు. ఒకరి ఎస్ ఇంకొకరి ఆర్ కంటే మెత్తగా ఉండొచ్చు. మోటుగా చెప్పాలంటే డ్రైవర్ హెడ్ వేగం గంటకు 85 నుంచి 95 మైళ్ళుంటే ఆర్, 95 నుంచి 105 అయితే ఎస్, ఆ పైన ఎక్స్, 85 లోపు సీనియర్ ఫ్లెక్స్. ఇది వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అంతే. ఒకే 95 మైళ్ళ వేగం ఉన్న ఇద్దరిలో ఒకరు పై నుంచి విసురుగా కిందికి లాగుతారు, ఇంకొకరు నెమ్మదిగా మొదలుపెట్టి చివర్లో వేగం అందుకుంటారు. మొదటివారికి కాస్త బరువైన, గట్టి షాఫ్ట్ కుదురుతుంది. రెండోవారికి అదే షాఫ్ట్ చేతిలో ఇనప కడ్డీలా ఉంటుంది.

మా లెక్కలో ఫ్లెక్స్ కంటే ముందు చూడాల్సింది బరువు. డ్రైవర్ షాఫ్టులు 40 గ్రాముల నుంచి 80 గ్రాముల దాకా దొరుకుతాయి, క్లబ్ స్థాయి ఆటగాళ్ళలో చాలామందికి 50 నుంచి 65 మధ్యలో తేలిపోతుంది. మరీ తేలికైతే చేతులు ముందుకు పరిగెత్తి టైమింగ్ చెదురుతుంది, బంతి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. మరీ బరువైతే మొదటి 10 బంతులు బాగానే పోతాయి, 30వ బంతికి వేగం పడిపోతుంది. అందుకే 5 బంతులు కొట్టి "బాగుంది, ఇదే ఇవ్వండి" అన్నా మేం ఒప్పుకోం. బంతుల బకెట్ మొత్తం ఖాళీ కావాలి.

కొనే ముందు ఇంకో పని. కాళ్ళకు కొట్టుకునే పౌడర్ స్ప్రే డ్రైవర్ ముఖం మీద పల్చగా కొట్టి 10 బంతులు ఆడండి. తెల్లటి పొర మీద బంతి తగిలిన చోట గుండ్రటి మచ్చలు పడతాయి. అవి హీల్ (షాఫ్ట్ వైపు అంచు) నుంచి టో (అవతలి అంచు) దాకా చెల్లాచెదురుగా ఉంటే గ్రిప్‌ను ఒక అంగుళం కిందికి పట్టి మళ్ళీ 10 కొట్టండి. మచ్చలు మధ్యకు వస్తే మీకు కావాల్సింది కొత్త షాఫ్ట్ కాదు, ఉన్నదాన్ని పొట్టి చేయడం. కంపెనీ డ్రైవర్లు 45.5 అంగుళాలకు అటూ ఇటూగా వస్తాయి, చాలామందికి అది పొడుగే. అయితే అర అంగుళం తగ్గిస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) దాదాపు 3 పాయింట్లు పడిపోతుంది, హెడ్ ఉందో లేదో తెలియదు. తిరిగి తెప్పించాలంటే హెడ్‌కు సుమారు 6 గ్రాములు చేర్చాలి. పొట్టిగా కోయించుకుని "షాఫ్ట్ బాలేదు" అనేవారి క్లబ్బుల్లో తరచూ మిగిలిపోయిన పని ఇదే.

స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం) పోవాలని షాఫ్ట్ అడిగేవారికి సూటిగా: పోదు. స్వింగ్ దారికి ముఖం తెరుచుకుని ఉంటే కుడిచేతి ఆటగాళ్ళకు బంతి కుడికే వంగుతుంది. షాఫ్ట్ దాన్ని కొద్దిగా మార్చగలదు, మాన్పలేదు. లాంచ్ (బంతి లేచే కోణం) తక్కువైతే ముందు స్లీవ్ (షాఫ్ట్‌ను హెడ్‌కు బిగించే తొడుగు) తిప్పి లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) ఒక డిగ్రీ పెంచి చూడండి, అది పైసా ఖర్చు లేని పని. 95 మైళ్ళ వేగానికి లాంచ్ 12 నుంచి 15 డిగ్రీలు, బంతి స్పిన్ నిమిషానికి 2,300 నుంచి 2,800 చుట్ల మధ్య ఉంటే షాఫ్ట్ జోలికి పోకండి. ఆ అంకెలు ప్రాక్టీస్ రేంజ్‌లో ఇచ్చే బంతులతో తీస్తే నమ్మలేం, మీరు ఆడే బంతులే తెచ్చుకోండి.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త. కొత్త డ్రైవర్‌తో వచ్చే షాఫ్ట్ మీద విడిగా అమ్మే ఖరీదైన షాఫ్ట్ పేరే, అదే రంగులో ఉండొచ్చు, లోపలి నిర్మాణం మాత్రం వేరు. ఫుజికురా కంపెనీ వెంటస్ షాఫ్ట్‌నే ఉదాహరణకు తీసుకోండి. వెలోకోర్ (లోపలి నిర్మాణానికి ఆ కంపెనీ పెట్టిన పేరు) ఉన్నదీ లేనిదీ రెండూ తిరుగుతున్నాయి, షాఫ్ట్ మీద ఆ మాట ఉందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే టిప్ (హెడ్ వైపు కొస) ఎంత కోశారో అడగండి. ఫెయిర్‌వే వుడ్ (డ్రైవర్ కంటే పొట్టి క్లబ్) కోసం కోసింది డ్రైవర్‌కు గట్టిగా, పొట్టిగా వస్తుంది. స్లీవ్ కూడా ఒక కంపెనీది ఇంకో కంపెనీ హెడ్‌కు పట్టదు, కుడి ఎడమ చేతులకు వేరువేరుగానూ ఉండొచ్చు.

ఇక బిగింపు. చాలా డ్రైవర్ షాఫ్టుల టిప్ 0.335 అంగుళాలు. టిప్ వైపు అర అంగుళం కోస్తే గట్టిపడుతుంది, బంతి కాస్త కిందుగా లేస్తుంది. ఎక్కువ కోస్తే సమంగా ఉండే భాగం అయిపోయి స్లీవ్‌లోకి దిగదు. అందుకే టిప్ కోతకు మీ సంతకం తీసుకుంటాం. పొడవు సరిచేసేది బట్ (గ్రిప్ ఉండే కొస) వైపే. టిప్ మీద పెయింట్ గీరేటప్పుడు కింద నల్లటి గ్రాఫైట్ కనబడగానే చెయ్యి ఆపాలి. ఇంకా గీరితే నారలు తెగి సరిగ్గా హోసెల్ (షాఫ్ట్ దిగే హెడ్ మెడ) దగ్గరే విరుగుతుంది. పాత షాఫ్ట్ ఊడదీసేటప్పుడు మెలితిప్పడం, మంట పెట్టడం రెండూ తప్పే. స్లీవ్‌ను మాత్రమే వేడి చేసి పుల్లర్‌తో నిటారుగా లాగాలి. "అక్కడ పది నిమిషాల్లో తీసిచ్చారు" అని తెచ్చే షాఫ్టుల్లో కొన్నింటికి టిప్ దగ్గర రెసిన్ మాడి పొరలు విడి ఉంటాయి. వాటిని మేం బిగించం.

హెడ్ అతికించే ఎపాక్సీ జిగురు ఆరడానికి 24 గంటలు. శనివారం సాయంత్రం ఇచ్చి ఆదివారం తెల్లారి హైదరాబాద్ నయా ఖిల్లా గోల్ఫ్ కోర్సులో టీ ఆఫ్ (ఆట మొదలు) ఉందంటే కుదరదు, ఎంత దగ్గరవారైనా సరే. డిసెంబర్ చలికి ఇంకో అర రోజు పట్టినా తిట్టుకోకండి. మే నెలలో బ్యాగును కారు డిక్కీలో వదలొద్దు. ఆ వేడికి గ్రిప్ కింది టేపు జారుతుంది, ఫెరూల్ (హెడ్, షాఫ్ట్ కలిసేచోటి ప్లాస్టిక్ ఉంగరం) కదులుతుంది, బలహీనంగా అతికిన హెడ్ ఊడి బంతితో పాటు పోయినా పోతుంది.

వచ్చేటప్పుడు ఇప్పటి డ్రైవర్, స్లీవ్ రెంచ్, మీరు ఆడే బంతులు అరడజను, ఆడేటప్పుడు వేసుకునే గ్లవ్ తెండి. గ్రిప్ మారుద్దామన్న ఆలోచనుంటే ముందే చెప్పండి. 50 గ్రాముల గ్రిప్ తీసి 35 గ్రాములది వేస్తే హెడ్ 3 పాయింట్లు బరువనిపిస్తుంది, అప్పుడు షాఫ్ట్ కొలతలన్నీ మళ్ళీ మొదటి నుంచి తీయాలి.