పల్లె టూరా, షాపింగ్ టూరా?
విశాఖ నుంచి అనకాపల్లి వైపు నడిపే హాఫ్ డే పల్లె టూర్లలో పల్లె చూసే టైమే మిగలడం లేదు. బీచ్ రోడ్డు హోటళ్ల దగ్గర ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటూ తొమ్మిది దాటాక కదిలిన మా బస్సు గాజువాక, కూర్మన్నపాలెం ట్రాఫిక్‌లోంచి బయటపడేసరికే ఎండ నెత్తికెక్కింది, పైగా దారిలో టూర్ వాళ్లకు కమీషన్ ఇచ్చే బొమ్మల దుకాణం ముందు బోలెడంతసేపు ఆపారు (అక్కడ మాత్రం ఎవరికీ తొందర లేదు). శంకరం ఊరి పక్కన బౌద్ధ గుహలున్న బొజ్జన్నకొండ దగ్గరేమో పెద్దవాళ్లు మెట్లెక్కి గుహలో బుద్ధుణ్ణి చూసేలోపే హారన్ మొదలు. పక్కనే లింగాలకొండ మీద రాతిలో తొలిచిన స్తూపాలు వరసగా ఉన్నాయని చెప్పే మనిషే లేడు! బెల్లం మార్కెట్‌కి చేరేసరికి సందడంతా అయిపోయింది, ఖాళీ షెడ్లు చూసి వచ్చాం. ఈ బస్సులు ఉదయం ఆరింటికే, ఒకే చోటు నుంచి బయల్దేరాలి. ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో టికెట్ మీదే ముద్రించాలి, దుకాణం స్టాప్ తీసేయాలి. శంకరం ఊరి కుర్రాళ్లకు పర్యాటక శాఖ శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెడితే వాళ్లకీ నాలుగు డబ్బులొస్తాయి. బొమ్మలే అమ్మాలనుకుంటే లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాకకు వేరే ట్రిప్పు వేయండి, అంకుడు కర్ర మీద లక్క ఎలా ఎక్కిస్తారో చూసి మరీ కొనుక్కుంటాం.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం